ఊరి ఆస్తి అమ్మకం, పౌరుల ఓటు – నాలుగో పాఠం: ముసాయిదాలో క్రియల దగ్గర ఆగడం

కాలిఫోర్నియా నగరాల్లో పౌరులు సంతకాలు సేకరించి తామే ఒక స్థానిక చట్టాన్ని ప్రతిపాదించే పద్ధతిని, అంటే ఇనీషియేటివ్‌ను, గత పాఠంలో చూశాం. 1911లో వచ్చిన రాజ్యాంగ సవరణతో ఆ రాష్ట్ర ప్రజలకు ఈ హక్కు దక్కింది. రాష్ట్ర ఎన్నికల చట్టాన్ని అనుసరించే నగరాల్లో నమోదైన ఓటర్లలో పది శాతం మంది సంతకం చేస్తే, కౌన్సిల్ ఆ ప్రతిపాదనను ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించాలి, లేకపోతే ఓటుకు పెట్టాలి. సొంత చార్టర్, అంటే తన పాలనకు తానే రాసుకున్న మూల నియమావళి, ఉన్న నగరాల్లో ఈ లెక్క మారవచ్చు. ఊరి ఆస్తిపై వచ్చిన ప్రతిపాదన కోర్టులో నిలుస్తుందా లేదా అన్నది దాని ముసాయిదా చదివి అంచనా వేయడం ఈ వారం నేర్చుకుందాం.

ముందు ఒక మాట దగ్గర జాగ్రత్తపడాలి. మన దగ్గర ఆర్డినెన్స్ అంటే చట్టసభ సమావేశాలు లేనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీ చేసేది. అక్కడ ఆర్డినెన్స్ అంటే నగర కౌన్సిల్ చేసే మామూలు స్థానిక చట్టమే. ఈ తేడా మరిచిపోతే అక్కడి తీర్పులు చదువుతున్నప్పుడు అడుగడుగునా తికమక పడతాం.

ఇక అసలు విషయం. ప్రజలు ఇనీషియేటివ్ ద్వారా చట్టం చేయగలరు గాని, రోజువారీ పాలన చేయలేరు. ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పే సూత్రం 1921లో సాక్రమెంటో నగరపు పార్కు స్థలం కొనుగోలుపై నడిచిన మెక్‌కెవిట్ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త విధానాన్నో ప్రణాళికనో నిర్దేశించే చర్య శాసనాత్మకం. అప్పటికే చట్టసభో, అంతకంటే పై అధికారమో ఖాయం చేసిన ప్రణాళికను ముందుకు నడిపించే చర్య పాలనాత్మకం. మొదటిదానిపై ప్రజలు ఓటు వేయవచ్చు, రెండోదానిపై వేయలేరు. 1950లో లాస్ ఏంజిలస్ కౌంటీలో కోర్టు భవనాల స్థలం ఎంపికను ఓటుతో తిరగదోడాలని చూసినప్పుడు రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కోర్టులకు వసతి చూపే బాధ్యతను రాష్ట్ర చట్టమే సూపర్వైజర్ల మీద, అంటే కౌంటీ పాలకమండలి మీద, పెట్టింది కాబట్టి స్థలం ఎంపిక దాని అమలు మాత్రమేనని అంది.

సూత్రం వినడానికి తేలికగానే ఉంటుంది. ముసాయిదా చేతిలోకి వచ్చాకే కష్టం తెలుస్తుంది. అందుకే నేను పెన్సిల్ పట్టుకుని ప్రతి వాక్యంలోని క్రియ కింద గీత గీస్తాను. ‘అమ్మాలి’, ‘అమ్మరాదు’, ‘కేటాయించాలి’ వంటి క్రియలు విధానం వైపు మొగ్గుతాయి. ‘ఫలానా ఒప్పందంపై సంతకం చేయాలి’, ‘ఫలానా తేదీలోగా టెండరు ఖాయం చేయాలి’ వంటివి అమలు వైపు మొగ్గుతాయి. ఇది తుది తీర్పు కాదు, చూపు ఎక్కడ నిలపాలో చెప్పే గుర్తు మాత్రమే.

శాన్ డియేగోలో జరిగినది దగ్గరగా చూద్దాం. 2017లో ఛార్జర్స్ ఫుట్‌బాల్ జట్టు లాస్ ఏంజిలస్‌కు వెళ్లిపోవడంతో మిషన్ వ్యాలీలోని నగరపు స్టేడియం స్థలాన్ని ఏం చేయాలన్న ప్రశ్న తలెత్తింది. ఒక పెట్టుబడిదారుల బృందం సాకర్‌సిటీ పేరుతో దీర్ఘకాలిక లీజు కోరుతూ ఒక ఇనీషియేటివ్ తెచ్చింది. శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీకి అమ్మాలంటూ దాని మద్దతుదారులు మరొకటి తెచ్చారు. ఈ ప్రతిపాదనలు పాలనా వ్యవహారాల్లోకి చొరబడుతున్నాయనీ, చార్టర్ ఇచ్చిన అధికారాలకు అడ్డువస్తున్నాయనీ నగరం తరఫున సిటీ అటార్నీ 2018లో కోర్టుకు వెళ్లారు. అయినా రెండూ బ్యాలెట్ మీదే నిలిచాయి. ఆ నవంబరులో యూనివర్సిటీ ప్రతిపాదన, అంటే మెజర్ జి, సుమారు 54 శాతం ఓట్లతో గెలిచింది, సాకర్‌సిటీ ఓడిపోయింది.

మెజర్ జి ముసాయిదాలో నేర్చుకోవలసినది ఒకటుంది. అందులో ఎవరికి అమ్మాలి, ఎందుకు అమ్మాలి అన్నది ఓటర్లే తేల్చారు; ధర, షరతులు మాత్రం కౌన్సిల్ న్యాయమైనవని, ప్రజాహితమని భావించే విధంగా ఉండాలని వదిలేశారు. ఆ తర్వాత బేరసారాలు సాగి, 2020లో దాదాపు 135 ఎకరాలు 8.62 కోట్ల డాలర్లకు చేతులు మారాయి. ధరను కూడా ముసాయిదాలోనే బిగించి ఉంటే ఎదుటి పక్షానికి మరింత పదునైన వాదన దొరికేదని నా అభిప్రాయం. నెలల తరబడి అంగళ్ల ముందు నిలబడి సంతకాలు సేకరించే సామాన్యుల శ్రమ ఒక్క పొరపాటు వాక్యం వల్ల వృథా కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఎన్నికకు ముందే కోర్టులు ఎందుకు కలగజేసుకోవని అడుగుతారు. లివర్‌మోర్ నగరపు కేసులో 1976లో వచ్చిన రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇనీషియేటివ్ హక్కును కంటికి రెప్పలా కాపాడాలంది. 1982లో రాష్ట్ర సుప్రీంకోర్టు రాజ్యాంగపరమైన అభ్యంతరాలను సాధారణంగా ఓటు తర్వాత పరిశీలించడమే ఉచితమని చెప్పింది. అయితే ప్రతిపాదించే అధికారమే లేదన్న అభ్యంతరాన్ని ముందుగానే విన్న సందర్భాలున్నాయి. మన తెలుగు రాష్ట్రాల్లో మునిసిపల్ స్థలం అమ్మకాన్ని ఓటుతో ఆపే దారి లేదు. 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయడమే వాడుకలో ఉన్న మార్గం. కాలిఫోర్నియాలో స్థిరపడి ఓటు హక్కు పొందిన మనవాళ్లకు మాత్రం ఇలాంటి ప్రతిపాదనల పూర్తి పాఠం బ్యాలెట్‌తో వచ్చే సమాచార పుస్తకంలోనే చాలాసార్లు దొరుకుతుంది. సారాంశంతో ఆగకుండా ఆ పాఠం తెరిచి చదవండి.

ఇప్పుడు అభ్యాసం. ఒక ఊహా పట్టణంలో పాత గ్రంథాలయ భవనం అమ్మకానికి వచ్చిందనుకోండి. ‘ఓటర్ల ఆమోదం లేకుండా ఈ భవనాన్ని అమ్మరాదు’ అన్నది ఒక ముసాయిదా; ‘గత నెల వచ్చిన మూడు టెండర్లలో రెండోదాన్ని కౌన్సిల్ అంగీకరించాలి’ అన్నది మరొకటి; ‘కౌన్సిల్ న్యాయమని నిర్ణయించిన ధరకు దీనిని ప్రభుత్వ పాఠశాలకే అమ్మాలి’ అన్నది ఇంకొకటి. మూడింటిలో క్రియల కింద గీతలు గీసి, మెక్‌కెవిట్ సూత్రం ప్రకారం ఏది ఎటు మొగ్గుతుందో రెండేసి వాక్యాల్లో కారణంతో రాయండి. మొదటిది సులువుగా కనిపిస్తుంది, కాని రాష్ట్ర చట్టం ఆ నిర్ణయాన్ని కౌన్సిల్‌కే ప్రత్యేకంగా అప్పగించి ఉంటే ఏమవుతుందో కూడా ఆలోచించండి. 1988లో ఇర్వైన్ నగరపు ఇనీషియేటివ్ సరిగ్గా ఆ రాయికే తగిలి పడిపోయింది. అయిదో పాఠం ఆ కేసుతో మొదలవుతుంది.