స్కూటర్ ఐడిల్ స్క్రూ తిప్పే ముందు

గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపేది కార్బురేటర్. చలి మొదలైతే అది ఉన్న స్కూటర్లు మొరాయిస్తాయి. పొద్దున్నే స్టార్ట్ అవుతాయి, యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతాయి. స్క్రూడ్రైవర్ అందుకుని ఐడిల్, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ నడిచే వేగం, ఒక చుట్టు పెంచేద్దాం అనిపిస్తుంది. పని నిజంగా చిన్నదే. ప్రమాదం ఎక్కడుందో తెలియకపోవడమే చిక్కు.

గేర్ల బండి న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఎంత అరిచినా చక్రం కదలదు. గేర్లు లేని స్కూటర్‌కి న్యూట్రల్ అంటూ లేదు. ఇంజిన్ వేగం ఒక హద్దు దాటితే క్లచ్ షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టేస్తాయి, వెనక చక్రం తిరుగుతుంది. చిన్న స్కూటర్లలో ఐడిల్ మామూలుగా నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల మధ్య ఉంటుంది. క్లచ్ పట్టే వేగం అక్కడికి మరీ దూరంలో ఉండదు. అందుకే స్క్రూ కాస్త ఎక్కువ తిప్పినా స్టార్ట్ చేయగానే బండి ముందుకు ఉరుకుతుంది. మీ మోడల్‌కి ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూసుకోండి.

కాబట్టి గట్టి నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండేలా చూసుకోండి. సైడ్ స్టాండ్ మీద ఈ పని వద్దు. స్టాండ్ మీద చక్రం మెల్లగా తిరుగుతుంటే భయపడక్కర్లేదు, బ్రేక్ కొద్దిగా నొక్కితే ఆగాలి. కాలితో ఆపే అలవాటుంటే మానుకోండి. వదులు బట్టలు, విరబోసిన జుట్టు, చుట్టూ తిరిగే పిల్లలు, అన్నీ చక్రానికి దూరంగా ఉండాలి.

పని ఆరుబయటే చేయాలి. చలికి తలుపులేసుకుని గ్యారేజీలో ఇంజిన్ నడపడం అన్నిటికన్నా చెడ్డది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు. తలుపు సగం తెరిచినా చాలదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి వచ్చేయండి.

ఇంజిన్ చల్లగా ఉండగా పెట్టిన ఐడిల్ వేడెక్కాక అలాగే ఉండదు. పది నిమిషాలు నడిపి, చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే చోక్ పూర్తిగా తెరుచుకున్నాక (అంటే దాని పని ఆగిపోయాక) మొదలుపెట్టండి. అప్పటికి సైలెన్సర్ కాలుతూ ఉంటుంది, మోచెయ్యి జాగ్రత్త.

ఇక స్క్రూల గురించి. కార్బురేటర్ మీద సాధారణంగా రెండుంటాయి. యాక్సిలరేటర్‌తో తెరుచుకునే మూత, థ్రాటిల్‌ని కొద్దిగా తెరిచి ఉంచేది ఐడిల్ స్క్రూ. దీన్ని బిగిస్తే వేగం పెరుగుతుంది. రెండోది గాలి, పెట్రోలు పాళ్లు మార్చేది. ఏది ఏదో తెలియకుండా ముట్టుకోవద్దు. నేను మొదటిసారి ఈ రెండో దాన్నే బిగించుకుంటూ పోయాను, ఇంజిన్ ఆగిపోయాక గానీ అర్థం కాలేదు. దాన్ని గట్టిగా బిగిస్తే సూదిలాంటి మొన, అది కూర్చునే చోటు రెండూ దెబ్బతింటాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఐడిల్‌ని కంప్యూటరే చూసుకుంటుంది, అక్కడ స్క్రూడ్రైవర్‌కి పని లేదు.

తిప్పబోయే ముందు ఒక పరీక్ష. బ్రేక్ పట్టుకుని, ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి. శబ్దం పెరిగితే తప్పు యాక్సిలరేటర్ కేబుల్‌ది. అది బిగుసుకుపోయి ఉండొచ్చు, ఎక్కడో ఇరుక్కుని ఉండొచ్చు. దాన్ని వదిలేసి ఐడిల్ సవరిస్తే మలుపులో బండి తనంతట తానే వేగం అందుకుంటుంది. కేబుల్ బాగుంటే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరులో పగుళ్లు, స్పార్క్ ప్లగ్ చూడండి. ఐడిల్ స్క్రూ తనంతట తాను చెడిపోవడం అరుదు. నింద మాత్రం ఎప్పుడూ దాని మీదే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే స్క్రూ ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత పెట్టి, పావు చుట్టు తిప్పి కాసేపు ఆగండి. యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదిలితే వేగం వెంటనే దిగి నిలకడగా ఉండాలి. తర్వాత వెనక బ్రేక్ నొక్కి పట్టుకునే స్టాండ్ దించండి. ఎదురుగా గోడ గానీ మనిషి గానీ ఉండకూడదు. బ్రేక్ మెల్లగా వదిలినప్పుడు బండి లాగుతుంటే ఐడిల్ ఎక్కువైనట్టే, తగ్గించండి.

ఎన్ని చుట్లు తిప్పారో సీటు కింద రాసి పెట్టుకోండి. ఎండలు వచ్చాక అంతే వెనక్కి తిప్పాల్సి రావచ్చు.