ఏటీపీ బాండ్ తెగితే ఎనర్జీ వస్తదా? లెక్కేసి చూసుకునుడు ఎట్లంటే

మా చెల్లి బైపీసీ సెకండియర్, దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్. మొన్న రాత్రి తింటుంటే బుక్ పట్టుకొచ్చి, అన్నా, కెమిస్ట్రీ సారేమో బాండ్ తెంపాలంటే ఎనర్జీ పెట్టాలంటడు, బాటనీ మేడమేమో ఏటీపీ బాండ్ తెగితే ఎనర్జీ వస్తదంటది, ఇద్దర్ల ఎవరు రైటు అని అడిగింది. (బాండ్ అంటే మాలిక్యూల్‌ల ఆటమ్స్‌ని పట్టి ఉంచే బంధం, ఏటీపీ అంటే మన ఒంట్లె సెల్స్‌ల, అంటే కణాలల్ల, ఎనర్జీ మోసే మాలిక్యూల్.) సారే రైటు. మేడమ్ చెప్పింది షార్ట్‌కట్, సగం కథ మింగేసింది.

ముందు రెండు మాగ్నెట్లు తీస్కోండి, మేమైతే ఫ్రిజ్ మీదియే పీకినం. అతుక్కున్నయి విడదీయాలంటే గోళ్లు నొస్తయి, అది మీరు పెట్టే ఎనర్జీ. దగ్గరికి తెచ్చి వదిలేస్తే టప్పున అంటుకుంటయి, ఆ సౌండ్ బయటికొచ్చిన ఎనర్జీ. బాండ్ కూడా అంతే, తెంపితే ఖర్చు, కలిస్తే రాబడి, దీనికి ఎక్సెప్షన్ లేదు.

ఇగ కిరాణా ఖాతా లెక్క పేపర్ మధ్యల గీత గీయండి. ఎడమ దిక్కు తెగే బాండ్లు, కుడి దిక్కు కొత్తగా ఏర్పడేవి. రెండు మోల్స్ (మోల్ అంటే మాలిక్యూల్స్ లెక్కపెట్టే కొలత) హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్ కలిసి నీళ్లయితున్నయి అనుకోండి. ఎడమకి హెచ్-హెచ్ బాండ్ 436 రెండు సార్లు, ప్లస్ ఆక్సిజన్‌ల బాండ్ 498, మొత్తం 1370 కిలోజౌల్స్ ఖర్చు. కుడికి ఓ-హెచ్ బాండ్లు నాలుగు, ఒక్కోటి 463, అంటే 1852 రాబడి. మిగిలింది 482, అదే మనకొచ్చే ఎనర్జీ. సెల్‌ల ఎనర్జీ తయారుచేసే భాగం మైటోకాండ్రియాల చివరికి జరిగేది కూడా ఇదే, గ్లూకోజ్ నుంచి తీసిన హైడ్రోజన్ పోయి ఆక్సిజన్‌తో కలిసి నీళ్లయితది, కాకపోతే ఒక్కసారి భగ్గుమనకుండా మెట్లు మెట్లుగా దిగుతది.

ఇప్పుడు ఏటీపీ. చివరి ఫాస్ఫేట్ బాండ్ తెగనీకి ఖర్చే, కానీ అక్కడ నీళ్ల మాలిక్యూల్ ఉంటది కదా, అది వచ్చి కొత్త బాండ్లు కడ్తది, పైగా పక్కపక్కన ఇరుక్కున్న నెగెటివ్ చార్జీలు విడిపోతయి, బయటికొచ్చిన ఫాస్ఫేట్ ఇంకా స్టేబుల్ అయితది. అన్నీ కలిపితే మోల్‌కి 30.5 కిలోజౌల్స్ మిగులు, ఇది స్టాండర్డ్ కండిషన్స్‌ల, సెల్‌ల ఇంకా ఎక్కువే. (ఏటీపీని 1929ల కనిపెట్టినోళ్లల్ల మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, ఇది మాత్రం కోచింగ్‌ల ఎవ్వరూ చెప్పరు!)

ఆ మిగులు ఊరికే వదిలేస్తే వేడై పోతది, అందుకే సెల్ ఫాస్ఫేట్‌ని తీస్కపోయి వేరేదానికి తగిలిస్తది. గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ అంటించాలంటే 13.8 కావాలి, ఏటీపీ 30.5 ఇస్తది, రెండు కలిపితే ఇంకా 16.7 మిగులే, కాబట్టి పని నడుస్తది. స్టార్టింగ్ ఖర్చు తగ్గించనీకి ఎంజైమ్ (రియాక్షన్‌ని స్పీడ్ చేసే ప్రోటీన్) ఉంది, గ్యాస్ స్టవ్‌కి లైటర్ లాంటి నిప్పు సెల్‌ల పెట్టలేం కదా. ఎంజైమ్ ఉన్నా లేకున్నా ఆఖరి మిగులు మారదు, ఇది ఎగ్జామ్‌ల తిప్పి తిప్పి అడుగుతరు.

ప్రాక్టీస్‌కి మీథేన్ కాల్చి చూడండి, పేపర్ మీదనే: సి-హెచ్ 413, ఆక్సిజన్ 498, కార్బన్ డయాక్సైడ్‌ల ఒక్కో డబుల్ బాండ్ 799, ఓ-హెచ్ 463. ఖర్చులకెల్లి రాబడి తీసేస్తే మైనస్ 802 రావాలి, మైనస్ అంటే ఎనర్జీ బయటికొచ్చినట్టు. రాలేదంటే ఆక్సిజన్ రెండు మాలిక్యూల్స్ అని మరిచిపోయుంటరు, మా చెల్లి కూడా అక్కడనే బోల్తా పడ్డది.