ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆర్పీజీ ఆడాలంటే ఎలా?

ఎండాకాలం సెలవులకు మా మేనల్లుడు కావలి నుంచి నెల్లూరు వస్తాడు. బ్యాగు ఇంకా సోఫా మీద ఉండగానే "మామా, ఇద్దరం కలిసి ఆడేది పెట్టు" అంటాడు. క్రికెట్టో, కార్ల రేసో అయితే ఏ బాధా లేదు. వాడికి కథ కావాలి, రాక్షసులు కావాలి, లెవెల్ పెరగాలి. అంటే ఆర్పీజీ. నాలుగేళ్లుగా వేదాయపాళెంలో మా హాల్లో ప్రతి మే నెలా ఇదే తంతు. చుట్టాల ఇళ్లల్లోనూ స్నేహితుల గదుల్లోనూ కూడా చూశాను. ఇద్దరు ఉత్సాహంగా మొదలుపెడతారు. రెండో రోజుకి ఒకడు ఆడుతుంటాడు, ఇంకొకడు ప్యాడ్ (చేత్తో పట్టుకుని ఆడించే కంట్రోలర్) ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసుకుంటుంటాడు. తప్పు ఎప్పుడూ ఒకే చోట జరుగుతుంది. అది చెప్పడానికే ఇదంతా.

కావలసినవి

ప్లేస్టేషన్ 4 చాలు. ప్యాడ్లు రెండు, రెండూ ఒరిజినల్‌వి. సగం ధరకు వస్తోందని ఊళ్లో ఒక షాపులో నేనొక డూప్లికేట్ ప్యాడ్ కొన్నాను. వారం తిరక్కముందే దాని ఎడమ స్టిక్ పాడైంది. ఎవరూ ముట్టుకోకపోయినా బొమ్మ గోడ వైపు నడుచుకుంటూ పోయేది. రెండో ప్యాడ్‌ని కేబుల్‌తో కన్సోల్‌కి పెట్టి, మధ్యలో ఉన్న పీఎస్ బటన్ నొక్కండి. ఎవరి పేరుతో ఆడతారని అడిగితే గెస్ట్ అనండి.

టీవీ ప్లగ్గునీ కన్సోల్ ప్లగ్గునీ ఇన్వర్టర్ లైన్లో పెట్టించుకోండి. ఈ ఆటల్లో చాలావాటిలో ఎక్కడపడితే అక్కడ సేవ్ కుదరదు, సేవ్ పాయింట్ దాకా నడవాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా గంట ఆట గోవిందా. పైగా సరిగ్గా ఆఫ్ చేయలేదని కన్సోల్ మనకే చీవాట్లు పెడుతుంది.

ఏ ఆట?

డబ్బా మీద "ఇద్దరు ఆడొచ్చు" అని ఉంటే సరిపోదు. ఆ ఇద్దరిలో రెండోవాడికి ఏం పని ఇస్తుందో చూడాలి.

1994లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 6లో కూడా రెండో ప్యాడ్‌కి చోటుంది. సెట్టింగ్స్‌లో మార్చుకుంటే ఫైట్‌లో కొందరు పాత్రలకు రెండోవాడు ఆజ్ఞలు ఇవ్వొచ్చు. ఊళ్లో తిరగడం, మాట్లాడటం, కొనడం అంతా మొదటివాడే. ఫైట్ వస్తే రెండోవాడు "ఫైట్" అనే మాట మీద బటన్ నొక్కి, తన వంతు ఎప్పుడొస్తుందో చూపే గీత మళ్లీ నిండేదాకా కూర్చోవాలి. ఆ నిండే గీత పద్ధతి 1991లో ఫైనల్ ఫాంటసీ 4తో వచ్చింది. ఒక్కడు ఆడుతుంటే టెన్షన్ భలేగా పెంచుతుంది. ఇద్దరి మధ్య పంచితే మాత్రం బస్టాండులో నిలబడ్డట్టే ఉంటుంది. అయినా ఆడతామంటారా, ఆక్టివ్ తీసేసి వెయిట్‌లో పెట్టుకోండి. మీరు మంత్రాల జాబితా వెతుక్కుంటున్నంతసేపు శత్రువు ఆగుతాడు.

పాత ఆటల్లో కలిసి ఆడొచ్చు కదా అని వాటి కొత్త వెర్షన్లు కొనేముందు ఒకసారి ఆగండి. ఫైనల్ ఫాంటసీ క్రిస్టల్ క్రానికల్స్ 2003లో గేమ్‌క్యూబ్ అనే కన్సోల్ మీద నలుగురు కలిసి ఆడటానికే పుట్టింది. కాకపోతే కలిసి ఆడాలంటే ఒక్కొక్కరికీ గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి కన్సోల్ ఒకటి, దాన్ని కలిపే కేబుల్ కావాలి. 2020లో దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు ఒకే టీవీ ముందు కూర్చుని ఆడే వీలు తీసేశారు, ఆన్‌లైన్ ఒక్కటే మిగిలింది. ట్రయల్స్ ఆఫ్ మానా కూడా అంతే. అసలు దాంట్లో ఇద్దరు ఆడేవాళ్లు, 2020 రీమేక్ ఒక్కడి ఆట. టేల్స్ వరసలో ఏళ్ల తరబడి ఉన్న ఈ సదుపాయం 2021లో వచ్చిన టేల్స్ ఆఫ్ అరైజ్‌లో లేదు. పేరు చూసి మోసపోతే డబ్బు మీది, ఏడుపు పిల్లలది.

మరి ఏది? టేల్స్ ఆఫ్ వెస్పీరియా, డెఫినిటివ్ ఎడిషన్. మొదట 2008లో వచ్చింది, ఈ ఎడిషన్ 2019లో. ఫైట్‌లో నలుగురు దిగుతారు, ఎవరి ప్యాడ్ వాళ్లది, ఎవరి వంతు కోసమూ ఎవరూ ఆగనక్కర్లేదు. బటన్ నొక్కితే కత్తి తిరుగుతుంది. పదమూడేళ్ల పిల్లాడికి ఇంతకంటే ఏం కావాలి?

డివినిటీ ఒరిజినల్ సిన్ 2 ఇంకా గొప్పదని వాదించేవాళ్లున్నారు. నేనూ ఆడాను. ఒంగోలు స్నేహితుడితో శనివారాలు కూర్చుని ఆరు నెలలు సాగదీశాం. ఇద్దరికీ చెరొక సగం తెర, ఎవరి దారిన వాళ్లు పోవచ్చు, ఊళ్లో ఎవరితో మాట్లాడాలన్నా ఎవరిష్టం వాళ్లది. ఆ విషయంలో ఏ ఆటా దాని కాలిగోటికి సరిపోదు. కానీ ఫైట్ వంతులవారీగా నడుస్తుంది. టర్నుకి నాలుగు యాక్షన్ పాయింట్లు, మిగుల్చుకుంటే ఆరు దాకా పోగవుతాయి. ఆ నాలుగు పాయింట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి ఆ స్నేహితుడికి ఐదు నిమిషాలు పట్టేది. ఈలోపు నేను వంటింట్లోకి పోయి పెరుగన్నం తిని వచ్చేవాణ్ణి. తీరా ఆలోచించి ఆలోచించి నేల మీద నూనె ఉన్నచోట నిప్పు బాణం వేశాడు. ఆ నూనెలో నిలబడింది నేను. పెద్దవాళ్లకి, ఓపికున్నవాళ్లకి అది పెట్టండి. పిల్లలతో వద్దు.

రెండో ప్యాడ్ ఎవరికి?

వెస్పీరియాలో మొదలుపెట్టగానే రెండోవాడు తెర మీదికి రాడు. మెనూలో ఆర్టెస్ (పాత్రల ప్రత్యేక దెబ్బలు, మంత్రాల జాబితా) తెరిచి, పాత్రని ఎంచుకుని, ఆటో (కంప్యూటరే ఆడించడం) అని ఉన్నదాన్ని రెండో ప్యాడ్‌కి మార్చాలి. కొత్తవాడైతే సెమీ ఆటో. కొట్టే బటన్ నొక్కితే పాత్ర తనే శత్రువు దగ్గరికి పోతుంది. చేయి తిరిగాక మాన్యువల్.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. కొత్తవాడు కదా అని గాయాలు మాన్పే పాత్రని అంటగడతారు. ఎస్టెల్‌ని వాడి చేతిలో పెట్టి "నువ్వు వెనకాల నిలబడి నన్ను చూసుకో" అంటారు. ఇది పిల్లాణ్ణి క్రికెట్‌లో బౌండరీ దగ్గర బంతులు ఏరడానికి నిలబెట్టడమే. కొత్తవాడికి ఎప్పుడూ కొట్టే పాత్రే ఇవ్వాలి. నన్నడిగితే రెపీడ్. నోట్లో పైపు, నోటితోనే బాకు పట్టుకుని దూకే కుక్క. మావాడు మొదటిసారి చూసి "కుక్కని నేనే ఆడించొచ్చా?" అన్నాడు. అంతే, ఆ సెలవులు మొత్తం వాడు కుక్కే.

ఎస్టెల్‌ని కంప్యూటర్‌కి వదిలేయండి. మెనూలోని స్ట్రాటజీలో వైద్యానికి ముందు చోటివ్వండి. ఆర్టెస్ జాబితాలో ఆమె దాడి మంత్రం ఫోటాన్‌ని ఆఫ్ చేయండి. మంత్రం చదువుతూ నిలబడి మనల్ని చావనివ్వడం కంప్యూటర్‌కి అలవాటు.

అసలు చిక్కు: మెనూ ఎవరు తెరవాలి?

ఇక్కడ నిదానంగా చదవండి. ఆట చెడిపోయేది ఇక్కడే.

వెస్పీరియాలో ఫైట్ మధ్యలో మెనూ తెరిస్తే అంతా ఆగిపోతుంది, మీ ఒక్కరిదే కాదు. మీ ప్రాణం తగ్గింది, ఆపిల్ జెల్ వాడాలి, అది 30 శాతం ప్రాణం ఇస్తుంది. మెనూ తెరిచారు. అదే క్షణంలో పక్కవాడు నాలుగు దెబ్బల వరసలో మూడో దెబ్బలో ఉన్నాడు. వాడి బొటనవేలికి ఒక లయ ఉంది. తెర గడ్డకట్టింది. మీరు జాబితాలో కిందికీ పైకీ తిరిగి, జెల్ ఎంచుకుని, ఎవరికని చూసుకుని, మూశారు. ఆట మళ్లీ కదిలేసరికి వాడి వేలు చల్లారిపోయింది. నాలుగో దెబ్బ గాల్లోకి పోయింది, శత్రువు తిరిగి కొట్టాడు.

ఒకసారైతే పర్లేదు. ఒక బాస్ (పెద్ద శత్రువు) ఫైట్‌లో మొదటివాడు ఇరవైసార్లు ఆపుతాడు. తను ఆపుతున్నట్టు తనకి తెలియదు. ఆపినవాడికి అది ఆలోచన, ఆగినవాడికి అది శిక్ష. మొదటి ఏడు మావాడు రెండో రోజుకే ప్యాడ్ కింద పెట్టాడు. "ఏంది మామా, నేను కొడతా ఉంటే ఆపేస్తావు మాటిమాటికీ?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిన్ను బతికించింది నేనేరా అన్నాను. "బతికించొద్దులే" అన్నాడు. వాడన్నదే సరైంది.

ఈ జబ్బు ఇప్పటిది కాదు. 1993 నాటి సీక్రెట్ ఆఫ్ మానాలో ముగ్గురు ఆడొచ్చు, అప్పుడూ ఒకడు మెనూ చక్రం తెరిస్తే మిగతా ఇద్దరూ బొమ్మల్లా నిలబడేవాళ్లు. ఈ ఫైట్ పద్ధతులన్నీ ఒక్కడి కోసం గీసినవి. ఆగడం, ఆలోచించడం, ఆజ్ఞ ఇవ్వడం ఒక్కడికి సుఖమే. తర్వాత పక్కన ఒక కుర్చీ వేసి ఇద్దరి ఆట అన్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి గురించి ఆట ఆలోచించదు, మీరే ఆలోచించాలి.

చేయాల్సింది ఇది. కుడి స్టిక్‌కి ఆర్టెస్ షార్ట్‌కట్లు పెట్టుకోవచ్చు. అక్కడ మీ మంత్రాలు పెట్టకండి, ఎస్టెల్ వైద్య మంత్రం ఫస్ట్ ఎయిడ్ పెట్టండి. ప్రాణం తగ్గినప్పుడు స్టిక్ తోస్తే చాలు, ఆట ఆగకుండానే ఆమె మొదలుపెడుతుంది. ఈ ఒక్క పనితో మెనూ తెరవడం సగానికి పైగా తగ్గుతుంది. దీన్ని ఫైట్‌కి ముందే పెట్టుకోవాలి, మధ్యలో పెట్టుకుందామని మెనూ తెరిస్తే మళ్లీ మొదటికే.

అప్పటికీ జెల్ తప్పనిసరైతే నోటితో చెప్పండి. "ఆపుతున్నా" అని, పక్కవాడు "ఊఁ" అన్నాకే తెరవండి. వాడి దెబ్బల వరస అయ్యేదాకా ఊఁ అనడు, మీరు చస్తే చావండి. వినడానికి వింతగా ఉంటుంది. మా ఇంట్లో ఈ రూలు పెట్టాక గొడవ ఒక్కటి కూడా రాలేదు. వస్తువు వాడాక కాసేపు ఇంకోటి వాడనివ్వదు కాబట్టి ఎలాగూ ఆత్రపడి లాభం లేదు. మెనూ తెరిచాక ఏం తీసుకోవాలో ముందే తెలిసి ఉండాలి. తెరిచి, జాబితా చూసి, "ఏం వాడదాం అబ్బయా?" అని అడిగేవాళ్లతో నేను ఆడను.

ఇంకో జాగ్రత్త. కెమెరా మొగ్గు మొదటి ప్యాడ్ వైపు ఉంటుంది. మీరు మూలకి పరిగెత్తితే పక్కవాడి పాత్ర తెర అంచుకి పోతుంది, వాడు కనిపించని కుక్కని ఆడించాలి. ఇద్దరూ ఒకే శత్రువు మీద పడండి. మొదటి ప్యాడ్ పట్టుకున్నవాడికి పరిగెత్తే హక్కు లేదు.

బాస్ దగ్గర

ఎహ్మీడ్ కొండ మీద గట్టూసో అనే మృగం వస్తుంది. చాలామంది ఆట వదిలేసేది అక్కడే, విషం కూడా ఎక్కిస్తుంది. ఒక్కడు ఆడితే నరకం. ఇద్దరు ఉంటే పని పంచుకోవచ్చు. చుట్టూ బిల్లీబాలీ మొక్కలుంటాయి. మృగం దగ్గరగా ఉన్నప్పుడు మొక్కని కొడితే దాని పుప్పొడికి మృగం తూలిపోతుంది. నేను కథానాయకుడు యూరీతో దాన్ని మొక్క దగ్గరికి లాక్కొచ్చాను. వాడు కుక్కతో మొక్క పక్కన కాచుకున్నాడు.

"ఇప్పుడా మామా?"

"ఉండు."

"ఇప్పుడా?"

"ఇంకాస్త రానీ... కొట్టు!"

మృగం తూలింది. వాడు సోఫా మీద నుంచి లేచి నిలబడి కొట్టాడు. ఆ ఫైట్ మొత్తంలో నేను మెనూ రెండుసార్లే తెరిచాను, రెండుసార్లూ ఊఁ అన్నాకే.

జెల్స్ ఒక్కో రకం 15 కంటే ఎక్కువ మోయనివ్వదు, కొండ ఎక్కేముందే నింపుకోండి.

కథ నడిచే చోట

మాటల సీన్లు చాలా పొడుగు. ఫైట్లు తప్ప రెండోవాడికి నడవడానికి కూడా వీల్లేదు. కాబట్టి ఊళ్లు తిరగడం, కొనడం, సేవ్ పాయింట్ దాకా నడవడం రాత్రి మీరొక్కరే చేసుకోండి. తెల్లారి టిఫిన్ అయ్యాక ఆ దారిలో జరిగింది రెండు మాటల్లో చెప్పి నేరుగా ఫైట్లలోకి దింపండి. కథ పోతుందని బాధపడేవాళ్లు కూర్చోబెట్టి చూపించండి, పిల్లాడు నిద్రపోతే నన్నడగకండి.

సెలవులయ్యాక సేవ్ ఫైల్ గోల వస్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతుంది కానీ అది మీ అకౌంట్‌కి కట్టుబడి ఉంటుంది, వాళ్ల ఇంట్లో వాళ్ల పేరు మీద తెరుచుకోదు. పోయిన జూన్‌లో నేను కావలి పోయి, వాళ్ల కన్సోల్‌లో నా అకౌంట్ కూడా ఎక్కించి, సేవ్ కాపీ చేసి వచ్చాను. పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు.