డిజిటల్ పియానోను చేతికి అలవాటు చేసుకుందాం – 3వ పాఠం: టచ్

పోయిన పాఠంలో రివర్బ్ (హాల్లో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) తీసేసి, వాల్యూమ్‌ను ఒకచోట నిలిపాం. ఆ రెండింటినీ కదపకండి. వాల్యూమ్ తగ్గిస్తే తెలియకుండానే గట్టిగా కొడతాం, అప్పుడు తప్పు టచ్‌దే అనిపిస్తుంది.

టచ్ సెట్టింగ్ మార్చినంత మాత్రాన కీ బరువు మారదు. కీ కిందికి వెళ్లేటప్పుడు సెన్సర్లు దాని వేగాన్ని కొలుస్తాయి. మిడి (సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డిజిటల్ పద్ధతి) లెక్కలో ఆ వేగానికి 1 నుంచి 127 వరకు ఒక అంకె వస్తుంది. ఎంత వేగానికి ఏ అంకె ఇవ్వాలో చెప్పేదే టచ్ కర్వ్. అంకె పెరిగేకొద్దీ శబ్దం పెద్దదవడమే కాదు, స్వరం పదునెక్కుతుంది కూడా. అందుకే పియానో 'గరుకుగా పలుకుతోంది' అనిపించినప్పుడు నేను బ్రిలియన్స్ (స్వరం పదును మార్చే సెట్టింగ్) జోలికి పోను, ముందు టచ్ చూస్తాను.

టచ్‌కు మామూలుగా లైట్, మీడియం, హెవీ, ఫిక్స్‌డ్ అనే సెట్టింగులు ఉంటాయి. లైట్‌లో మెల్లగా నొక్కినా స్వరం గట్టిగా వస్తుంది. హెవీలో వేగంగా కొడితేనే వస్తుంది. ఫిక్స్‌డ్‌లో ఎలా నొక్కినా ఒకటే, మనకది వద్దు.

ఇప్పుడు మీడియంలో పెట్టి, మధ్య సి కీని ఎనిమిది మెట్లుగా వాయించండి. ఒకటి అంటే వినీ వినిపించనంత, ఎనిమిది అంటే మీ పూర్తి బలం. అంకెలు పైకి చెబుతూ వాయించండి. ఆరు, ఏడు, ఎనిమిది ఒకేలా వినిపిస్తే ఒక మెట్టు హెవీ వైపు వెళ్లండి. ఎంత కొట్టినా పై మెట్లు అందకపోతే లైట్ వైపు రండి. మరీ నెమ్మదిగా నొక్కితే అసలు పలకకపోవడం లోపం కాదు, మామూలు పియానో కూడా అంతే. తర్వాత ఇదంతా ఉంగరపు వేలితో చేయండి. అసలు పరీక్ష అదే. చూపుడు వేలికి నచ్చిన సెట్టింగ్ దానికి నచ్చకపోవచ్చు.

నేను చాలాకాలం లైట్‌లోనే వాయించాను. హాయిగానే ఉండేది. మామూలు పియానో ముందు కూర్చున్న రోజు మాత్రం నా కుడిచేతి రాగం ఎడమచేతి కార్డ్‌ల (ఒకేసారి కలిపి వాయించే స్వరాల) కింద మునిగిపోయింది. వేళ్లకు బలం అలవాటు కాలేదు.

ఒక్క కీ మాత్రమే పక్కవాటికంటే గట్టిగా పలుకుతుంటే కర్వ్ మార్చకండి. చాలాసార్లు కింది రబ్బరు కాంటాక్టుల్లో దుమ్మో అరుగుదలో ఉంటుంది.

కుదిరిన సెట్టింగ్‌ను సేవ్ చేయండి, కొన్ని మోడళ్లు ఆపగానే మొదటికి వెళ్లిపోతాయి. వారం పాటు దాన్ని మార్చకుండా, రోజూ ఆ ఎనిమిది మెట్లూ వాయించండి. వచ్చే పాఠంలో హాఫ్ పెడల్, అంటే పెడల్‌ను సగం వరకే నొక్కడం.