విదేశీ షాపింగ్ లెక్కలు – 3వ పాఠం: ఆడ రీఫండ్, ఈడ డ్యూటీ

విదేశంలో కొన్న వస్తువు మన దేశానికి తెచ్చుకుంటే ఆడ కట్టిన ట్యాక్స్‌లో కొంత వెనక్కిస్తారు, అది రీఫండ్, ఈడ దిగాక మన కస్టమ్స్ వాళ్ళకి కట్టేది డ్యూటీ. ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. ఇటలీ షాపులో ఒక చిన్న హ్యాండ్‌బ్యాగ్ ధర 610 యూరోలు, ఆ దేశంలో వ్యాట్, అంటే మన జీఎస్టీ లాంటి ట్యాక్స్, 22 శాతం, మరి ఆ 610లో వ్యాట్ ఎంత అని కదా అడిగింది. 610కి 22 శాతం వేసి 134 చిల్లర అని రాసుకున్నోళ్ళు కొట్టేసుకోండి. మన ఎంఆర్‌పీ లాగానే ఆడ రేటు చీటీ మీద ఉండేది ట్యాక్స్ కలిపిన ధర, కాబట్టి 1.22తో భాగించాలి, అప్పుడు 500 వచ్చిద్ది, అది అసలు ధర, మిగతా 110 వ్యాట్. అంటే బిల్లులో వ్యాట్ వాటా 22 శాతం కాదు, 18 శాతమే. ఈ ఒక్క ముక్క రాక చాలామంది "22 శాతం వెనక్కిస్తామని 12 శాతం ఇచ్చారబ్బా, మోసం" అని వచ్చి గోల పెడతారు. మోసమేం లేదు, ఆ తేడా యాడికి పోయిందో ఈ పాఠంలోనే చూద్దాం.

అసలు ఆ దేశపోళ్ళు ట్యాక్స్ ఎందుకు వెనక్కివ్వాల? మన మీద ప్రేమతోనా? ఇది ఒంగోలు, చీమకుర్తి వాళ్ళకి చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకు క్వారీలోంచి లారీ ఎక్కి చెన్నై పోర్టుకో కృష్ణపట్నానికో పోయి ఓడెక్కితే దాని మీద జీఎస్టీ ఉండదు, ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చి ట్యాక్స్ కట్టకుండా అయినా పంపుతాం, లేదా ఐజీఎస్టీ (రాష్ట్రం, దేశం దాటే సరుకు మీద జీఎస్టీ) కట్టి షిప్పింగ్ బిల్ అనే ఎగుమతి కాగితం మీద రీఫండ్ అయినా తెచ్చుకుంటాం. ఎందుకంటే ఆ రాయిని వాడేది ఇక్కడ కాదు, దాని మీద ట్యాక్స్ వేసుకునేది అది దిగిన దేశం. ఇటలీలో బ్యాగ్ కొని మన ఊరు తెచ్చుకునేవాడు కూడా అచ్చం అదే పని చేస్తన్నాడు, కాకపోతే కంటైనర్ బదులు సూట్‌కేసు. సరుకు మా దేశం దాటిపోయింది కాబట్టి మా ట్యాక్స్ మాకొద్దు అని వాళ్ళు వదిలేస్తారు, వదిలేశారంటేనే దిగే దేశం తన ట్యాక్స్ తను అడుగుద్దని అర్థం. రీఫండ్ గురించి మాట్లాడే ప్రతి వీడియో సగం దగ్గర ఆగిపోయేది ఇక్కడే, చెన్నైలో దిగాక ఏమయిద్దో ఎవరూ చెప్పరు. ఈ రెండూ కలిపి ఒకే లెక్కగా వెయ్యటం నేర్చుకోవాలి, ఈ పాఠం పని అంతే.

ఇక ఆ రీఫండ్ ఎవరికి వచ్చిద్దో చూడండి. యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల్లో పాస్‌పోర్ట్ రంగు కాదు, నివాసం ఎక్కడ అన్నది లెక్క. మీ అబ్బాయి జర్మనీలో ఎంఎస్ చదువుతా ఆడే ఉంటా ఉంటే వాడికి రాదు, వాణ్ణి చూడటానికి పోయిన అమ్మానాన్నలకి వచ్చిద్ది. కాబట్టి బిల్లు వేసేటప్పుడే షాపులో నాన్న పాస్‌పోర్ట్ ఇచ్చి నాన్న పేరుతో ట్యాక్స్ ఫ్రీ ఫారం, అంటే రీఫండ్ అడగటానికి కావాల్సిన కాగితం, రాయించుకోవాల, బిల్లు అయిపోయాక గుర్తొచ్చి మళ్ళీ అడిగితే కొన్ని షాపులు చేస్తాయి, కొన్ని మొహం చూడవు. ఇంకోటి, ప్రతి దేశానికీ ఒక కనీస మొత్తం ఉంటది, అది ఒకే షాపు బిల్లులో దాటాల. ఇటలీలో 70 యూరోలు దాటాల, ఫ్రాన్స్‌లో 100 యూరోలు దాటాల, జర్మనీలో 50 దాటితే చాలు, స్పెయిన్‌లో అయితే కనీసం అనేదే లేదు. గడువు కూడా రాసుకోండి, కొన్న నెల కాకుండా ఆ తర్వాత మూడు నెలలు, ఆ మూడో నెల ఆఖరు రోజు లోపల సరుకు ఈయూ దాటాల. వెరోనాలో సెప్టెంబర్‌లో జరిగే రాళ్ళ ఎగ్జిబిషన్, అదే మార్మోమాక్, దానికి మనోళ్ళు బాగానే పోతారు కదా, ఆ పర్యటనలో సెప్టెంబర్ 25న కొన్నారనుకోండి, డిసెంబర్ 31 దాకా టైముంది. వారం రోజుల్లో తిరిగొచ్చే మనకి ఇది ఇబ్బంది కాదు, ఆడ కొడుకు దగ్గర నాలుగైదు నెలలు ఉండే పెద్దోళ్ళే జాగ్రత్తగా చూసుకోవాల.

ఎయిర్‌పోర్టు దగ్గర పని వరస తప్పితే ఫారం చిత్తుకాగితం కింద లెక్క. చెకిన్ లైన్లో నిలబడేలోపే కస్టమ్స్ దగ్గరికి పోవాల, ఎందుకంటే ఆఫీసర్ "సరుకు చూపించు" అంటే చూపించాల, సూట్‌కేసు అప్పటికే బెల్టు మీద లోపలికి పోయి ఉంటే ఏం చూపిస్తావు. వస్తువు వాడకుండా, ట్యాగులతో, బిల్లు, పాస్‌పోర్ట్, టికెట్ పక్కన పెట్టుకుని పోండి. ఇటలీలో ఇప్పుడు ముద్ర బదులు ఒటెల్లో అనే సిస్టమ్‌లో ఆన్‌లైన్‌గానే ఓకే చేస్తారు, ఫ్రాన్స్‌లో అయితే పాబ్లో అనే మిషన్లు ఉంటాయి, ఫారం మీద బార్‌కోడ్ చూపిస్తే పచ్చ తెర వచ్చిందంటే అయిపోయినట్టే. అది కాగానే డబ్బు కోసం, ఆ ఫారాలు నడిపే రీఫండ్ కంపెనీ కౌంటర్‌కి పోవాల.

మధ్యలో ఫ్లైట్ మారేవాళ్ళు ఈ ఒక్కటి రెండుసార్లు చదవండి, ఎందుకంటే మన చెన్నై దాకా నేరుగా వచ్చే విమానాలు తక్కువ, అందరం ఎక్కడో ఒక చోట దిగి ఎక్కేవాళ్ళమే. రూలు ఏందంటే ఈయూలో ఆఖరి ఎయిర్‌పోర్టు దగ్గర కస్టమ్స్. మిలాన్‌లో ఎక్కి దుబాయ్‌లో మారితే మిలానే ఆఖరిది, ఆడే చేయించుకోవాల. మిలాన్‌లో ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే మాత్రం వస్తువు యాడ పెట్టారన్న దాన్ని బట్టి మారుద్ది, చెన్నై దాకా ట్యాగ్ వేసిన సూట్‌కేసులో ఉంటే మిలాన్‌లో, చేతి సంచిలో ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో. స్విట్జర్లాండ్ ఈయూ కాదు, కాబట్టి జూరిక్ మీదుగా వచ్చేవాళ్ళకి కూడా మిలానే ఆఖరిది, జూరిక్ పోయాక చేయించుకుందాంలే అనుకుంటే పోయినట్టే.

డబ్బు ఎంతొచ్చిద్ది? వ్యాట్ మొత్తం రాదు, మధ్యలో ఆ ఫారాలు నడిపే కంపెనీ తన ఫీజు పట్టుకుంటది, మామూలుగా చేతికొచ్చేది బిల్లులో 12 శాతం అటూఇటూ. ఇంతకుముందు గోల పెట్టినోళ్ళ తేడా ఇదే, 22 శాతం అనుకున్నది నిజానికి 18, అందులో ఫీజు పోను 12. కార్డులోకి వేయమంటే కొన్ని వారాలు పట్టిద్ది, ఆడే క్యాష్ కావాలంటే దానికి మళ్ళీ ఇంకో ఫీజు. రూపాయల్లో తీసుకుంటారా యూరోల్లోనా అని అడిగితే యూరోలే అనండి, రూపాయలన్నారంటే మార్పిడి రేటు వాళ్ళు చెప్పిందే. షాపులో కార్డు గీకేటప్పుడు కూడా మిషన్ ఇదే ప్రశ్న అడుగుద్ది, జవాబు అదే.

సరే, చెన్నైలో దిగాం. 2026 ఫిబ్రవరి 2 నుంచి కొత్త బ్యాగేజ్ రూల్స్ వచ్చాయి, విమానంలో వచ్చే మనలాంటోళ్ళకి డ్యూటీ లేకుండా తెచ్చుకునేది మనిషికి 75,000 రూపాయలు, అంతకుముందు 2016 రూల్స్‌లో ఇది 50,000. పాత వీడియోలు చూసి 50,000 అని వాదించే మామయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు, వదిలేయండి. అది దాటిన దాని మీద 35 శాతం కస్టమ్స్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్, రెండూ కలిపి 38.5 శాతం. గుర్తుపెట్టుకోండి, దాటిన భాగం మీదే, మొత్తం మీద కాదు.

ఇప్పుడు లెక్క. సులువుగా ఉండటానికి యూరో 100 రూపాయలనుకుందాం, నిజంగా కట్టేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు ప్రభుత్వం నోటిఫై చేసిన రేటు వాడతారు. వెరోనాలో మీ ఇంటావిడకి 2,440 యూరోల బ్యాగ్ కొన్నారు, అంటే 2,44,000 రూపాయలు. అందులో వ్యాట్ 440 యూరోలు, చేతికొచ్చింది 300 యూరోలు అనుకుందాం, 30,000 రూపాయలు. ఇక్కడిదాకా లాభమే, షాపు వాడు చూపించే లెక్క కూడా ఇక్కడిదాకానే. చెన్నైలో 2,44,000లోంచి 75,000 తీసేస్తే 1,69,000, దాని మీద 38.5 శాతం అంటే 65,065. ఇంకా కార్డు వాడినందుకు చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్ అనే అదనపు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి, అది 10,000 పైచిలుకు. అన్నీ కలిపితే ఆ బ్యాగ్ మీకు పడింది దాదాపు 2,89,000. ఇప్పుడు ఈ అంకెని హైదరాబాద్‌లోనో చెన్నైలోనో అదే కంపెనీ షాపు ధరతో పోల్చాల, ఇటలీ రేటు చీటీతో కాదు. పోల్చితే కొన్నిసార్లు ఆడే మేలు, కొన్నిసార్లు తేడా ఎంత తక్కువ ఉంటదంటే ఆ లైన్లలో నిలబడినందుకు కూలి కూడా రాదు.

అదే 610 యూరోల చిన్న బ్యాగ్ తీసుకోండి. 61,000 రూపాయలు, రీఫండ్ ఓ 7,000 వచ్చిద్ది, చెన్నైలో డ్యూటీ సున్నా, ఇంకే కొనుగోళ్ళూ లేకపోతే. నన్నడిగితే మనలాంటి వాళ్ళకి అసలు పాయింట్ ఇదే, 75,000 లోపల ఉన్న వస్తువుకి రెండు వైపులా మేలు, దాటేకొద్దీ ఆడ ఇచ్చిన దానికి రెట్టింపు ఈడ లాక్కుంటారు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరం కలిసి వస్తన్నాం కదా, ఇద్దరివీ కలిపి లక్షన్నర వస్తువు తెచ్చుకోవచ్చా? కుదరదు. ఎవరి 75,000 వాళ్ళదే, కలపటానికి లేదు, ఒక బ్యాగ్‌ని ఇద్దరి మధ్య కోయలేం కదా. 70,000వి రెండు వస్తువులు, ఒకటి ఆయనది, ఒకటి ఆవిడది, అట్టా అయితే ఇబ్బంది లేదు.

ఇక అందరూ గుసగుసగా అడిగేది. ట్యాగులు పీకేసి భుజానికి తగిలించుకుని, డ్యూటీ కట్టేదేం లేనోళ్ళు పోయే గ్రీన్ ఛానెల్‌లో నడిచొస్తే ఎవరికి తెలుసు అని. ఒకసారి ఆలోచించండి, రీఫండ్ కోసం మీ పాస్‌పోర్ట్ నంబరుతో, బిల్లుతో, ఈ సరుకు నేను దేశం దాటిస్తన్నా అని మీరే సంతకం పెట్టి వచ్చారు, ఆ కాగితం జేబులో పెట్టుకుని "ఇది పాతదే సార్" అంటారా. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం చెప్పాల్సింది మనమే, చెప్పకుండా దొరికితే సరుకు జప్తు, విడిపించుకోవటానికి ఫైను, పైన పెనాల్టీ, డ్యూటీ ఎటూ తప్పదు. షాపు వాణ్ణి బతిమాలి తక్కువ ధరకి బిల్లు వేయించుకునే తెలివి కూడా పనికిరాదు, ఆ ధర ఆఫీసర్ ఫోన్లో కంపెనీ వెబ్‌సైట్ తీస్తే కనపడుద్ది. దానికన్నా అతిథి అనే కస్టమ్స్ యాప్‌లో ముందే వివరాలు నింపుకుని, డ్యూటీ కట్టేవాళ్ళ రెడ్ ఛానెల్‌కి పోయి కట్టేసి రసీదు తెచ్చుకోవటం హాయి. ఆ రసీదు పారేయొద్దు, వచ్చేసారి అదే బ్యాగ్ వేసుకుని పోయి తిరిగొచ్చేటప్పుడు అదే మీకు సాక్ష్యం. రసీదు లేని పాత ఖరీదు వాచీలు, బ్యాగులు ఇక్కణ్ణించి తీసుకుపోయేటప్పుడు బయల్దేరేముందే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, అంటే ఈ వస్తువు ఇక్కణ్ణించే పోయిందని చూపే కాగితం, తీసుకోండి, నెల్లూరు నుంచి కారులో పోయేవాళ్ళు తడ, గుమ్మిడిపూండి ట్రాఫిక్ కలుపుకుని ఆ టైము కూడా లెక్కేసుకుని బయల్దేరాల.

మిగతా దేశాలు గబగబా. లండన్‌లో కొంటే వ్యాట్ వెనక్కి రాదు, 2021 జనవరి నుంచి ఆ స్కీమే ఎత్తేశారు, ఇంకా వచ్చిద్దనుకుని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో బిల్లులు దాచుకునే వాళ్ళున్నారు. అమెరికాలో దేశమంతటికీ వ్యాట్ అనేదే లేదు, రాష్ట్రాల సేల్స్ ట్యాక్స్ కట్టింది కట్టినట్టే అనుకోండి. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతం, కనీస బిల్లు 250 దిర్హాములు, ఫీజు పోను వచ్చేది చిన్న మొత్తమే. సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం, కనీస బిల్లు 100 సింగపూర్ డాలర్లు, కొన్నాక రెండు నెలల్లో దేశం దాటాల. థాయ్‌లాండ్‌లో 7 శాతం, ఒకే షాపులో ఒకే రోజు 2,000 బాత్‌లు ఉండాల. మరి మన దేశానికి వచ్చిన విదేశీ టూరిస్టు పోచంపల్లి చీరో వెంకటగిరి చీరో కొంటే? ఐజీఎస్టీ చట్టంలో 15వ సెక్షన్ అని దానికోసమే రాసి పెట్టారు, అమలు మాత్రం ఇంకా మొదలుకాలేదు.

బంగారం ఈ పాఠంలో కావాలనే కలపలేదు, దాని లెక్క వేరు. ఒక్క మాట మాత్రం, ఆడవాళ్ళకి 40 గ్రాములు, మిగతావాళ్ళకి 20 గ్రాముల నగలు డ్యూటీ లేకుండా అన్నది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్ళకి, వారం రోజుల దుబాయ్ టూరుకి కాదు. వివరం వచ్చే పాఠంలో.

అప్పటిదాకా ఈ మూడు లెక్కలు చేసి పెట్టుకోండి. ఒకటి, సింగపూర్‌లో 1,090 డాలర్ల వాచీ, అందులో జీఎస్టీ ఎంత. రెండు, పారిస్‌లో అక్టోబర్ 3న కొన్న పర్సు ఏ తేదీ లోపల ఈయూ దాటాల. మూడు, భార్య దగ్గర 1,20,000 బ్యాగ్, భర్త దగ్గర 20,000 చొక్కాలు, ఇద్దరూ ఒకే విమానంలో చెన్నైలో దిగారు, ఎవరు ఎంత డ్యూటీ కట్టాల. మూడోదాంట్లో భర్త దగ్గర మిగిలిపోయిన 55,000 మీద కన్నుపడుద్ది, దాని జోలికి పోవద్దు.