బాండ్ వాచీకి చారల నైలాన్ పట్టీ వేయడం

1964లో వచ్చిన ‘గోల్డ్‌ఫింగర్’లో జేమ్స్ బాండ్ రోలెక్స్ సబ్‌మరైనర్‌కి చారల పట్టీ ఉంటుంది. అది వాచీకి సరిపోదు, బాగా సన్నం. పక్కన స్ప్రింగ్ బార్లు, అంటే పట్టీని వాచీకి పట్టి ఉంచే సన్నని కడ్డీలు, బయటికి కనిపిస్తాయి. అది మాత్రం అనుకరించకండి.

ముందు పట్టీ దూరే కొమ్ముల మధ్య వెడల్పు స్కేలుతో కొలవండి. 20 మి.మీ. ఉంటే పట్టీ కూడా 20 మి.మీ.దే కొనాలి. మందం 1.2 నుంచి 1.4 మి.మీ. చాలు, అంతకన్నా మందమైతే బార్ కింద ఇరుక్కుంటుంది.

కొమ్ములకు టేపు అంటించి, పాత పట్టీ తీసి, బార్లను తిరిగి బిగించండి. బార్ చివర గుంటలో కూర్చున్నప్పుడు టిక్కుమంటుంది. అయినా వేలితో గట్టిగా లాగి చూడండి, వాచీలు జారిపడేది ఎక్కువగా ఇక్కడే. తర్వాత పొడవాటి కొసను 12 వైపు బార్ మీదుగా లోపలికి దించి, వాచీ వీపు కిందుగా లాగి, 6 వైపు పైకి తీయండి. చివరగా ఆ కొసను, ఇదే పట్టీకి అడుగున కుట్టి ఉన్న పొట్టి ముక్క రింగులో దూర్చండి. ఇక ఒక బార్ ఊడినా వాచీ చేతినే ఉంటుంది.

శ్రీకాకుళం ఎండల్లో నైలాన్ చెమట పీల్చి కంపు కొడుతుంది. వారానికోసారి సబ్బునీళ్లతో ఉతికి నీడన ఆరేయండి. కళింగపట్నం సముద్రంలో దిగేముందు వాచీ పక్కనున్న కీని లోపలికి నొక్కి మరలా తిప్పి పూర్తిగా బిగించండి, వచ్చాక మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఉండిపోతే బార్ స్ప్రింగులు తుప్పు పడతాయి.