హెలిసైకిల్: టర్బైన్ హెలికాప్టరును సొంతంగా కూర్చి నడపడం

అమెరికాలో ఇంటి షెడ్డులో కూర్చుకునే హెలికాప్టర్లలో హెలిసైకిల్ నాకు అత్యంత గౌరవం కలిగించే యంత్రం. కిట్ హెలికాప్టర్ల సంస్థ రోటర్‌వేను స్థాపించిన బి.జె. ష్రామ్ రూపొందించిన ఈ ఒంటి సీటు హెలికాప్టరు, సైన్యం సహాయక విద్యుత్ యూనిట్లలో వాడి మిగులుగా అమ్మివేసిన సోలార్ అనే కంపెనీ తయారీ టి62 టర్బైనుతో ఎగురుతుంది.

అక్కడి విమానయాన సంస్థ ఎఫ్.ఎ.ఎ. నిబంధన ప్రకారం నిర్మాణంలో సగానికి మించిన పనిని ఔత్సాహికులే చేసి ఉండాలి కనుక, మొదటి రోజు నుంచే ప్రతి దశనూ ఫొటోలతో సహా నమోదు చేసుకోవాలి. సీటు ఒక్కటే కావడంతో బోధకుడు పక్కన కూర్చునే వీలు లేదు. అందువల్ల రాబిన్సన్ ఆర్22 వంటి రెండు సీట్ల హెలికాప్టరుపై శిక్షణను నిర్మాణం సాగుతుండగానే మొదలుపెట్టడం మంచిది. లైసెన్సుకు చట్టం కోరే 40 గంటలు కనీస పరిమితి మాత్రమే. చాలామందికి అవి చాలవు.

బిగింపుల విషయంలో తొందర పనికిరాదు. ప్రతి బోల్టునూ మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, నట్టు మీదుగా రంగు గీత గీస్తే, తరువాత అది కాస్త కదిలినా కంటికి కనిపిస్తుంది. తిరిగే కీళ్ల దగ్గర నైలాన్ లాక్ నట్టును నమ్మకూడదు. గాళ్లున్న నట్టు, అది తిరిగిపోకుండా ఆ గాడిలో దూర్చే కాటర్ పిన్ను వాడాలి. రెండు బ్లేడ్ల బరువూ, పొడవు వెంబడి బరువు కేంద్రమూ సరిపోలిన తరువాతే వాటిని బిగించాలి. రోటరు తిరిగేటప్పుడు చుట్టుకొకసారి పైకీ కిందికీ కుదుపు వస్తే సాధారణంగా బ్లేడ్లు ఒకే దారిలో తిరగడం లేదని, పక్కలకు ఊపు వస్తే తూకం కుదరలేదని అర్థం.

టర్బైను స్వభావాన్ని లోతుగా తెలుసుకోవాలి. టి62లో కంప్రెసరు, టర్బైను చక్రం ఒకే షాఫ్టుపై నిమిషానికి సుమారు 61,000 చుట్లు తిరుగుతాయి. పెద్ద హెలికాప్టర్లలోలా రోటరును తిప్పడానికి వేరే టర్బైను ఉండదు. కలెక్టివ్‌ను (బ్లేడ్ల కోణాన్ని ఒకేసారి మార్చి హెలికాప్టరును పైకీ కిందికీ కదిపే ఎడమ చేతి లివరు) ఒక్కసారిగా లాగితే రోటరు వేగం తగ్గుతుంది, దానితోపాటే కంప్రెసరు వేగమూ తగ్గి లోపలికి వచ్చే గాలి పలచబడుతుంది. అదే సమయంలో ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు ఇంధనం పెంచడంతో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ప్రమాదకరంగా ఎగబాకుతుంది. కాబట్టి ఎడమ చేయి ఎప్పుడూ నెమ్మదిగా కదలాలి. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ నీరసంగా ఉన్నా ఇదే ముప్పు. ఉష్ణోగ్రత ముల్లు పరిమితి వైపు దూసుకుపోతుంటే వెంటనే ఇంధనం ఆపి, ఇంజను చల్లబడేలా స్టార్టరుతో తిప్పుతూనే ఉండాలి.

తొలి పరీక్షలకు గాలి లేని ఉదయాన్ని, చదునైన నేలను ఎంచుకోవాలి. స్కిడ్లు (హెలికాప్టరు నేలపై నిలిచే కడ్డీలు) తేలికపడే దశలోనే, టెయిల్ రోటరును నియంత్రించే పెడళ్ల స్పందన పరీక్షించాలి. ఒక స్కిడ్డు నేలకు తట్టుకొని యంత్రం ఒరగడం మొదలైతే సైక్లిక్‌తో (ముందుకూ వెనక్కీ పక్కలకూ నడిపే కర్ర) పోరాడకుండా కలెక్టివ్‌ను నిదానంగా దించాలి. ఎగురుతుండగా ఇంజను ఆగితే మాత్రం ఆలోచించే వ్యవధి ఉండదు: తేలికైన రోటరు ఒకటి రెండు సెకన్లలోనే వేగం కోల్పోతుంది కనుక కలెక్టివ్ తక్షణమే పూర్తిగా కిందికి వెళ్లాలి. ఊగే తరహా రెండు బ్లేడ్ల రోటరు కావడంతో సైక్లిక్‌ను ముందుకు గట్టిగా తోయడం ప్రాణాంతకం. సీట్లో శరీరం తేలిపోతున్నట్టు అనిపిస్తే మొదట కర్రను మెల్లగా వెనక్కి లాగి రోటరుపై మళ్లీ బరువు పడనివ్వాలి, పక్కకు ఒరగడాన్ని ఆ తరువాతే సరిచేయాలి.

తొలి గంట ఎగిరిన తరువాత రంగు గీతలన్నిటినీ, బెల్టు బిగువునూ, టెయిల్ రోటర్ బేరింగులనూ, ఇంధన వడపోతలో నీటి జాడనూ తనిఖీ చేయాలి. పరీక్షా దశకు కేటాయించిన ప్రాంతం దాటకుండా, ప్రతి విహారం తరువాత అదే వరుసలో మళ్లీ చూసి లాగ్‌బుక్కులో రాయాలి.